బిగించిన పొట్ట, బిగబట్టిన ఊపిరి

"ఆయాసం తగ్గుతుందా మేడం?" అని ఒకళ్లు. "పొట్ట కండరాలు బిగించి కుడతారంట, ఊపిరాడుతుందా?" అని ఇంకొకళ్లు. టమ్మీ టక్ అని అందరూ పిలిచే అబ్డామినోప్లాస్టీకి ముందు నేను మంచం దగ్గరికి వెళ్లగానే ఎదురయ్యే ప్రశ్నలు ఈ రెండే. ఇద్దరికీ జవాబు ఒకటే. మీ ఆయాసం తగ్గే పని మీరు బరువు తగ్గినప్పుడే చాలావరకు అయిపోయింది. రేపటి ఆపరేషన్ ఊపిరికి కొత్తగా ఇచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. పైగా కొన్నాళ్లపాటు కొంత లాక్కుంటుంది. లాక్కున్నది తిరిగొస్తుంది. ఎంత సాఫీగా తిరిగొస్తుందన్నది ఆపరేషన్‌కి ముందు కొన్ని వారాలు, తర్వాత ఓ పది రోజులు మీరేం చేస్తారన్న దాని మీద ఉంటుంది.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. మోకాళ్లు, నడుములు చూసే ఫిజియోని కాదు, గుండె, ఊపిరితిత్తుల వైపు. గుండె ఆపరేషన్ అయినవాళ్ల చేత దగ్గించడం, వెంటిలేటర్ మీద నుంచి బయటపడినవాళ్లని లేపి నడిపించడం నా రోజువారీ పని. ప్లాస్టిక్ సర్జరీ వార్డుకి ఒకప్పుడు నన్నెవరూ పిలిచేవాళ్లు కాదు. స్లీవ్ అనీ బైపాస్ అనీ బేరియాట్రిక్ ఆపరేషన్లు చేయించుకుని నలభై, యాభై కిలోలు తగ్గినవాళ్లు రావడం మొదలయ్యాక ఆ వార్డు కూడా నా రౌండ్లో చేరింది.

బరువు తగ్గినంత మాత్రాన చర్మం వెనక్కి పోదు. ఏళ్ల తరబడి సాగిన చర్మం పొత్తికడుపు మీద నుంచి తొడల మీదికి వేలాడుతుంది. ఎండాకాలంలో ఆ మడత కింద చెమట నిలిచి, ఒరుసుకుని, ఎర్రగా పుండు పడుతుంది. పౌడరు చల్లుకుని, మెత్తటి నూలుగుడ్డ మడిచి అడ్డం పెట్టుకుని ఉద్యోగాలకి వెళ్లే ఆడవాళ్లని చూశాను. మెట్లెక్కుతుంటే చర్మం ఊగి నడుము లాగేస్తుందని చెప్పిన మగవాళ్లనీ చూశాను. వీళ్లని పట్టుకుని సోకు కోసం కోయించుకుంటున్నారు అనేవాళ్లకి ఒక్కరోజు ఆ మడత మోసి చూడమని చెప్పాలనిపిస్తుంది. బీమా పాలసీలు మాత్రం కాస్మెటిక్ సర్జరీ అని మినహాయింపుల్లో రాసి పక్కన పెడతాయి. ఆ గొడవ ఇప్పుడొద్దు.

ఊపిరి సంగతికి వద్దాం. మనం తీసుకునే గాలిలో ఎక్కువ భాగం ఛాతీ కండరాలు లాగేది కాదు. ఛాతీకి, పొట్టకి మధ్య అడ్డంగా ఉండే డయాఫ్రమ్ అనే పల్చటి కండరం చేసే పని అది. బడి పుస్తకాల్లో ఉదరవితానం అని చదువుకున్నాం. ఊపిరి తీసినప్పుడల్లా అది కిందికి దిగుతుంది. దిగాలంటే కింద చోటుండాలి. పొట్టలోని పేగులు, కాలేయం కిందికి, ముందుకి జరిగి చోటిస్తాయి. అందుకే పసిపిల్లలు నిద్రపోతుంటే పొట్టే ఎగసిపడుతూ కనిపిస్తుంది. పెద్దవాళ్లం కూడా అలాగే ఊపిరి తీస్తాం, చీరలు, చొక్కాల కింద కనపడదు అంతే.

విశ్రాంతిగా కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే గాలి సుమారు అర లీటరు. దాన్ని వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో రెండు లీటర్లకి పైగా గాలి నిలవ ఉంటుంది. ఈ నిలవ గాలే గాలిగదులు మూసుకుపోకుండా కాపాడుతుంది. లావు పెరిగినప్పుడు ముందుగా దెబ్బతినేది అదే. బరువుని ఎత్తుతో లెక్కగట్టే బీఎమ్ఐ 30 ఉన్నవాళ్లలో, 20 ఉన్నవాళ్లతో పోలిస్తే, ఈ నిలవ గాలి 75 శాతానికి పడిపోతుందని 2006లో చెస్ట్ అనే వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కతేల్చింది. మామూలు శ్వాస వదిలాక ఇంకా బలవంతంగా ఊది బయటికి పంపగలిగే గాలి అయితే 47 శాతమే. బీఎమ్ఐ 30 అంటే మనవాళ్లలో చాలామంది "కొంచెం ఒళ్లు చేశాడు" అని వదిలేసే స్థాయి. మన దేశంలో డాక్టర్లు 25 దాటితేనే స్థూలకాయం అంటున్నారు. బేరియాట్రిక్ సర్జరీకి వచ్చేవాళ్లు సాధారణంగా వీటన్నిటికీ చాలా పైన ఉంటారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక మూడు దిండ్లు పెట్టుకుని, కొందరు కుర్చీలోనే నిద్రపోతూ గడిపినవాళ్లు.

బరువు దిగితే ఈ చోటంతా మళ్లీ తెరుచుకుంటుంది. గురక తగ్గుతుంది. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, స్లీప్ ఆప్నియా, దిగొస్తుంది. బరువులో పదో వంతు తగ్గితే ఆ ఆగిపోవడాలు నాలుగో వంతు దాకా తగ్గుతాయని అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏళ్లపాటు మనుషుల్ని గమనించి 2000లో ప్రకటించారు. టమ్మీ టక్‌కి వచ్చేసరికి మనిషి ఈ లాభమంతా మూటగట్టుకునే వస్తాడు. వేలాడే చర్మం కోసేయడం వల్ల ఊపిరితిత్తులకి అదనంగా ఒరిగేది తక్కువ. ఎందుకంటే ఆ మడత డయాఫ్రమ్ కింద లేదు, పొట్ట గోడకి బయట వేలాడుతోంది.

మరి లాక్కునేది ఏమిటి? అది అర్థం కావాలంటే ఆపరేషన్ ఏం చేస్తుందో చూడాలి. ఒక తుంటి ఎముక దగ్గర నుంచి రెండో తుంటి దాకా, పొత్తికడుపు అడుగున పొడవుగా కోస్తారు. చర్మాన్ని, దాని కింది కొవ్వుని కండరం మీద నుంచి వేరు చేసి పక్కటెముకల అంచు దాకా లేపుతారు. బాగా బరువు తగ్గినవాళ్లలో చర్మం అడ్డంగా కూడా మిగిలి ఉంటుంది కాబట్టి కొందరికి నిలువు కోత కూడా పడుతుంది. మిగులు చర్మం తీసేసి, బొడ్డుని కొత్త చోట బయటికి తెచ్చి కుడతారు. పొట్ట చర్మం ఇలా తొలగించడం కొత్త విద్యేమీ కాదు. అమెరికాలో హోవర్డ్ కెల్లీ 1899లోనే దీని గురించి రాశాడు. బ్రెజిల్‌కి చెందిన ఇవో పితంగీ 1967లో ప్రచురించిన పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది.

ఊపిరికి సంబంధించిన ఘట్టం మధ్యలో ఉంది. పొట్ట మధ్యలో నిలువుగా రెండు పట్టీల్లాంటి కండరాలుంటాయి. కాన్పుల వల్లో, లోపలి కొవ్వు తోసుకురావడం వల్లో ఆ రెండూ ఎడంగా జరిగిపోయి, మధ్యలోని తెల్లటి నార పొర సాగిపోతుంది. సర్జన్ ఆ పొరని మడిచి, రొమ్ము ఎముక కొస నుంచి కింద జఘనాస్థి దాకా గట్టి దారంతో కుట్టి రెండు కండరాల్నీ దగ్గరికి లాగుతారు. నడుము సన్నగా కనిపించేది దీనివల్లే. పొట్ట లోపల చోటు తగ్గేదీ దీనివల్లే. పెళ్లి భోజనం చేసి లేచాక లంగా నాడా ఇంకో రెండంగుళాలు బిగించి కట్టుకుంటే ఎలా ఉంటుందో, మెలకువ వచ్చాక వీళ్లకి అలా ఉంటుంది.

లోపలి పీడనాన్ని కొలవొచ్చు కూడా. మూత్రం గొట్టం ద్వారా కొలుస్తారు. ఆసుపత్రి మంచం మీదున్న పెద్దవాళ్లలో 5 నుంచి 7 మిల్లీమీటర్ల పాదరసం మామూలు అంటారు. బాగా లావున్నవాళ్లలో ముందే 9 నుంచి 14 దాకా ఉండొచ్చు. 12 గానీ అంతకు మించి గానీ నిలిచిపోతే ఎక్కువ కింద లెక్క. 20 దాటి మూత్రపిండాలో ఊపిరితిత్తులో మొరాయిస్తే ప్రాణం మీదికొచ్చినట్టు. టమ్మీ టక్‌లో అంతదాకా పోవడం అరుదు. పోకుండా చూసేది ఆపరేషన్ బల్ల దగ్గరి మత్తు డాక్టరు. కుట్లు బిగిస్తున్నప్పుడు ఆయన కళ్లు వెంటిలేటర్ తెర మీద ఉంటాయి. గాలి లోపలికి తోయడానికి పట్టే పీడనం మరీ ఎగబాకితే సర్జన్‌కి చెబుతారు, సర్జన్ కుట్టు వదులు చేస్తారు.

అసలు ఎవరికి ఎంత బిగించవచ్చన్నది చాలావరకు ముందే తెలుస్తుంది. కొవ్వు రెండు రకాలు. చర్మం కింద ఉండేది చేత్తో పట్టుకుంటే దొరుకుతుంది. పేగుల చుట్టూ ఉండేది దొరకదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి చూస్తే, లోపలి కొవ్వు పోయినవాళ్ల పొట్ట పక్కటెముకల కన్నా కిందికి జారి పళ్లెంలా చదునవుతుంది. అలాంటివాళ్లకి బిగించినా లోపల ఇంకా చోటుంటుంది. పడుకున్నా పొట్ట దిమ్మెలా నిలబడే ఉంటే లోపలి కొవ్వు ఉన్నట్టే. మగవాళ్లలో ఇది ఎక్కువ చూస్తాను. వాళ్లకి గట్టిగా బిగిస్తే ఊపిరికే ముప్పు. బిగించకపోతే వాళ్లు కోరుకున్న ఆకారం రాదు. సగం తగ్గి, మిగతాది సర్జన్ కోసేస్తారులే అనుకుని వచ్చేవాళ్లని మంచి సర్జన్లు వెనక్కి పంపుతారు. బేరియాట్రిక్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర ఆగమనీ, కనీసం మూణ్ణెల్లు, వీలైతే ఆర్నెల్లు బరువు కదలకుండా నిలబడాలనీ పట్టుబట్టేది ఊరికే కాదు.

ఆపరేషన్ తర్వాత శ్వాస పరీక్షలు చేసి చూసిన అధ్యయనాల సారం ఏమిటంటే, మొదటి రోజుల్లో గట్టిగా పీల్చి వదలగలిగే గాలి తగ్గుతుంది, కొన్ని వారాల్లో దాదాపు పాత స్థాయికి వచ్చేస్తుంది. శాశ్వతంగా ఊపిరి కురచైపోతుందన్న భయానికి ఆధారం లేదు. కానీ ఆ మొదటి రోజుల తగ్గుదలకి బిగుతు ఒక్కటే కారణం అనుకోవద్దు. మత్తు ఒక కారణం. పూర్తి మత్తులో ఉన్నవాళ్లలో నూటికి 90 మందికి ఊపిరితిత్తుల అడుగున కొంత భాగం ముడుచుకుపోతుందని స్వీడన్‌లో హెడెన్‌స్టియెర్నా బృందం 1980ల్లోనే సీటీ స్కాన్లు తీసి చూపించింది. నొప్పి ఇంకో కారణం. మూడోది మనమెవరం పట్టించుకోనిది, నిట్టూర్పు. మామూలుగా మనిషి గంటకి పది, పన్నెండుసార్లు తనకి తెలియకుండానే పెద్ద ఊపిరి తీసి వదులుతాడు. ముడుచుకుంటున్న గాలిగదులు ఆ ఒక్క పెద్ద ఊపిరితో విచ్చుకుంటాయి. పొట్ట మీద కుట్లుంటే శరీరం నిట్టూర్చడానికే భయపడుతుంది. దగ్గడానికి మరీ భయపడుతుంది. దగ్గు పుట్టేదే పొట్ట కండరాల బలంతో కదా. కఫం లోపలే నిలవ ఉంటుంది, జ్వరం వస్తుంది, ఫొటో తీస్తే నెమ్ము.

గుడివాడ వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. స్లీవ్ చేయించుకుని బాగా బరువు తగ్గి, రెండేళ్ల తర్వాత టమ్మీ టక్‌కి వచ్చారు. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే వార్డు నుంచి ఫోను, ఊపిరాడట్లేదని గోల చేస్తున్నారని. వెళ్లేసరికి మంచం తలవైపు ఎత్తే ఉంది. కానీ ఆవిడ రాత్రంతా కిందికి జారిపోయి, మంచం వంగాల్సిన చోట నడుము కాకుండా ఛాతీ వంగి ఉంది. పొట్ట రెండుగా మడతపడింది. పొట్ట చుట్టూ కట్టే బెల్టు పైకి ఎగబాకి పక్కటెముకల మీద కూర్చుంది.

"అమ్మాయ్, గుక్క తిరగట్లేదే. ఈ బెల్టు తీసెయ్యరాదూ?"

వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 96 చూపిస్తోంది. నిమిషానికి 26సార్లు ఊపిరి తీస్తున్నారు, ఒక్కటీ కంఠం దాటి కిందికి దిగట్లేదు. ముందు పిక్కలు నొక్కి చూశాను. వాపు లేదు, నొప్పి లేదు. ఛాతీలో నొప్పి లేదు. స్టెత్ పెడితే రెండు వైపులా అడుగున గాలి శబ్దం తక్కువగా ఉంది. డ్యూటీ డాక్టరు వచ్చి చూసి కంగారు లేదన్నారు.

సిస్టరు, నేను, వాళ్ల వదినగారు కలిసి కింద పరిచిన దుప్పటి అంచులు పట్టుకుని ఆవిడని మంచం పైకి జరిపాం. ఇప్పుడు తుంటి దగ్గర వంపు సరిగ్గా కుదిరింది. మోకాళ్ల కింద రెండు దిండ్లు. కుట్ల మీద లాగుడు పడకుండా మోకాళ్లు వంచే పడుకోవాలి, కానీ వంపు తుంటి దగ్గర ఉండాలి, నడుము పైన కాదు. సర్జన్‌ని అడిగి బెల్టు వెల్క్రో విప్పి, కిందికి దింపి, పక్కటెముకలకి తగలకుండా మళ్లీ కట్టాను. పైఅంచు లోపల నా రెండు వేళ్లు దూరేంత వదులు. ఆవిడ కింది పక్కటెముకల మీద రెండు వైపులా అరచేతులు ఆనించాను.

"టీచరుగారూ, పొట్టతో కాదు, నా చేతుల్ని పక్కకి నెట్టండి. ముక్కుతో తీసుకోండి. మూడు లెక్కపెట్టి నోటితో వదలండి."

"బళ్లో పిల్లలందరి చేతా ప్రాణాయామం చేయించాను, నాకు చెబుతున్నావా?"

"అయితే చేసి చూపించండి."

మొదటి రెండు సార్లు నా చేతులు కదల్లేదు. మూడోసారి కుడివైపు కొంచెం. ఐదోసారికి రెండు వైపులా నెడుతున్నాయి. అక్కడితో ఆపి, మళ్లీ ఐదు. నిమిషానికి ఊపిరి 18కి దిగింది. మనిషి ముఖం విప్పారింది. పొట్ట ముందుకి కదలలేనప్పుడు పక్కటెముకలు పక్కలకి విచ్చుకోవాలి. ఈ అలవాటు ఆపరేషన్‌కి ముందే చేయించి ఉంటే నొప్పిలో కొత్తగా నేర్చుకునే అవస్థ ఉండదు.

తర్వాత మూడు బంతుల స్పైరోమీటర్ చేతికిచ్చాను. ఇది ఊదేది కాదు, పీల్చేది. సగం మంది ఊదుతారు. మొదటి బంతి లేవాలంటే సెకనుకి 600 మిల్లీలీటర్ల వేగంతో గాలి పీల్చాలి. రెండూ లేవాలంటే 900. మూడూ లేవాలంటే 1200. టీచరమ్మకి ఆ పూట ఒకటి లేచి, రెండోది అడుగున వణికింది. ఈ పరికరం మీద నాకు మరీ మూఢభక్తి లేదు. పొట్ట ఆపరేషన్లలో ఇదొక్కటే ఇబ్బందుల్ని ఆపుతుందని పరిశోధనలు గట్టిగా చెప్పలేకపోయాయి. చేతికి ఒక పని ఉంటుంది, ఎంత పీల్చామో కంటికి కనిపిస్తుంది, మరిచిపోకుండా గుర్తు చేస్తుంది. దానికి ఆ మాత్రం విలువ ఇస్తాను. లేచి నడవడానికి ఇచ్చే విలువ దానికి పది రెట్లు. ఆ సాయంత్రమే ఆవిడని వంగుకుంటూనే వరండా చివరి దాకా నడిపించాం. నిటారుగా నిలబడక్కర్లేదు, మొదటి వారం పైబడి ముందుకి వంగే నడుస్తారు.

దగ్గేటప్పుడు మెత్తటి దిండు పొట్టకి గట్టిగా హత్తుకుని, మోకాళ్లు ముడిచి దగ్గాలి. కుట్లు తెగిపోతాయని అందరికీ భయం. ఆసరా పెట్టుకుని దగ్గితే తెగవు. దగ్గు ఆపుకుంటేనే చిక్కు. నొప్పి మాత్రలు మానేసి వీరత్వం చూపించేవాళ్లతో కూడా నాకు పేచీయే. నొప్పి ఉంటే ఊపిరి పైపైన ఆగిపోతుంది. కండరాల పొరల మధ్య మొద్దుబార్చే మందు ఎక్కించే పద్ధతి ఇప్పుడు చాలాచోట్ల చేస్తున్నారు. దానివల్ల మత్తెక్కించే ఘాటైన నొప్పి మందులు తక్కువ పడతాయి. ఆ మందులు మలబద్ధకం తెస్తాయి, పొట్ట ఉబ్బితే డయాఫ్రమ్‌కి చోటు ఇంకా తగ్గుతుంది. బలం రావాలని చుట్టాలు తెచ్చే కారియర్లో మటన్ పులుసు, గారెలు ఒక్కసారే తినిపించడం కూడా అంతే. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినాలి. టీచరమ్మ అడిగిన ఇంకో సంగతి కపాలభాతి. పొట్టని కుదిపి ఊదే ప్రాణాయామాలేవీ ఆరు వారాల దాకా వద్దు, ఆ తర్వాత కూడా సర్జన్ సరే అన్నాకే. నెమ్మదిగా లోతుగా తీసే శ్వాస ఎంతసేపు చేసినా మంచిదే.

ఇక ముందు జాగ్రత్తల మాట. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మా వృత్తివాళ్లందరం పదేపదే చూపించుకునే అధ్యయనం ఒకటి వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని మూడు ఆసుపత్రుల్లో, పొట్ట పైభాగంలో పెద్ద ఆపరేషన్లకి వచ్చిన 441 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కరపత్రం ఇచ్చారు. రెండో జట్టుకి కరపత్రంతో పాటు ఫిజియో అరగంట కూర్చుని, ఆపరేషన్ తర్వాత ఊపిరి ఎలా తీయాలో, ఎందుకు తీయాలో నేర్పించారు. ఊపిరితిత్తుల ఇబ్బందులు మొదటి జట్టులో 27 శాతం మందికి వస్తే రెండో జట్టులో 12 శాతానికి తగ్గాయి. అవి టమ్మీ టక్ కన్నా పెద్ద ఆపరేషన్లు, అంకెల్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. అయినా అరగంట ఖర్చుతో ఇంత లాభం వచ్చే పని ఇంకోటి చూపించమనండి. సర్జన్లు మచ్చ ఎక్కడ పడుతుందో బొమ్మ గీసి మరీ చెబుతారు. ఊపిరి గురించి ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అడిగి ఫిజియోని పిలిపించుకోండి.

సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. పొగ వల్ల కఫం పెరగడం ఒకటి, చర్మానికి రక్తం అందక కుట్ల దగ్గర నల్లబడి చచ్చిపోవడం ఇంకోటి. బరువు తగ్గకముందు నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి తోసే సీపాప్ మెషీన్ పెట్టుకున్నవాళ్లు "ఇప్పుడు గురక లేదండీ" అని దాన్ని అటక మీద పడేస్తారు. గురక లేదని భార్య చెప్పడం పరీక్ష కాదు. మళ్లీ నిద్ర పరీక్ష చేయించుకుని, అవసరమైతే ఆ మెషీన్ ఆసుపత్రికి తెచ్చుకోవాలి. నొప్పి మందుల మత్తులో ఊపిరి ఆగడం మామూలు రాత్రుల కన్నా ప్రమాదం. బేరియాట్రిక్ అయినవాళ్లలో ఐరన్, బీ12, ప్రోటీన్ తక్కువగా ఉండటం మామూలే. రక్తహీనత ఉంటే నాలుగడుగులకే ఆయాసపడి, అది పొట్ట బిగించడం వల్లే అనుకుంటారు.

కొత్తగా వచ్చిన చిక్కు ఇంకోటుంది. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనే వారానికోసారి ఇంజెక్షన్లు 2025లో వెగోవీ, మౌంజారో పేర్లతో మన మార్కెట్‌లోకీ వచ్చాయి. వీటివల్ల తిన్నది కడుపులోంచి కిందికి దిగడం ఆలస్యమవుతుంది. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా పొద్దున్న కడుపులో ఆహారం మిగిలి ఉండొచ్చు. మత్తిచ్చేటప్పుడు అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే పెద్ద ప్రమాదం. వారానికోసారి తీసుకునేవాళ్లు ఒక వారం ముందే ఆపాలని అమెరికా మత్తు వైద్యుల సంఘం 2023లో చెప్పింది. ఆ తర్వాత సంవత్సరం కొన్ని సంఘాలు కలిసి, చాలామంది ఆపనక్కర్లేదనీ, ముప్పు ఎక్కువున్నవాళ్లు ముందురోజంతా ద్రవాహారమే తీసుకోవాలనీ మార్చాయి. మీకు ఏది వర్తిస్తుందో తేల్చేది మీ మత్తు డాక్టరు. ఆయనకి చెప్పకుండా దాచడం మాత్రం పనికిరాదు. "బరువుకి ఇంజెక్షన్ తీసుకుంటున్నానంటే నవ్వుతారు" అని దాచినవాళ్లు ఉన్నారు.

చివరగా నేను ఎవరికీ చెప్పకుండా వదలని సంగతి. ఇప్పటిదాకా చెప్పిన ఊపిరి ఇబ్బందులు మెల్లగా వచ్చి మెల్లగా పోయేవి. ఉన్నట్టుండి వచ్చేది ఒకటుంది. కదలకుండా పడుకున్నప్పుడు పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టి, అది విడిపోయి ఊపిరితిత్తుల్లోకి కొట్టుకుపోవడం. అందానికి చేసే ఆపరేషన్లలో ఈ ముప్పు ఎక్కువగా ఉన్నవాటిలో అబ్డామినోప్లాస్టీ ఒకటి. ఆపరేషన్ గంటలు పెరిగేకొద్దీ, ఒకే మత్తులో నాలుగు పనులు కలిపి చేయించుకునేకొద్దీ, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, మళ్లీ ఒళ్లు చేసినా ముప్పు పెరుగుతుంది. అందుకే కాళ్లకి బిగుతు మేజోళ్లు, కొందరికి పొట్ట దగ్గరో తొడకో వేసే రక్తం పల్చబడే ఇంజెక్షన్లు, మొదటి రోజు నుంచే నడక. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి, మొదటి వారంలో పెళ్లి చూసుకుని, రెండో వారంలో టమ్మీ టక్ చేయించుకుని, మూడో వారంలో ఇరవై గంటల విమానం ఎక్కుదామనుకునేవాళ్లు ఈ మధ్య తరచూ కనిపిస్తున్నారు. ఆ ప్రయాణం వద్దు. టికెట్టు మార్చుకోండి, లేదా ఆపరేషన్ వాయిదా వేసుకోండి.

ఇంటికి వెళ్లాక, నెల రోజుల్లోపు ఎప్పుడైనా సరే, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు పొడిచినా, దగ్గులో రక్తపు చార కనిపించినా, కళ్లు తిరిగి పడబోయినా, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, బెల్టు వదులు చేసి చూద్దాం అని కూర్చోవద్దు. తెల్లారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే మొదటి మాటగా, ఫలానా తేదీన నాకు టమ్మీ టక్ అయింది అని చెప్పండి.